రిస్క్ ఓఎస్ మాడ్యూళ్ళు: లోడు కాని సందర్భాల చరిత్ర

కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థ 1987 నుంచి తన ఆర్మ్ యంత్రాలకు రాసుకున్న రిస్క్ ఓఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నెల్‌కు తగిలించే భాగాలను రిలొకేటబుల్ మాడ్యూళ్ళు అంటారు. ఫైలింగ్ సిస్టమ్, ఫాంట్లు, ప్రింటింగు, నెట్‌వర్కు, తెర మీద విండోలను నడిపే విండో మేనేజరు, అన్నీ మాడ్యూళ్ళే. కెర్నెల్ సొంతంగా చేసే పని తక్కువ. మాడ్యూళ్ళు సూపర్‌వైజర్ మోడ్‌లో, అంటే కెర్నెల్‌తో సమానమైన అధికారంతో నడుస్తాయి. అందుకే ఒక మాడ్యూల్ లోడు కాకపోతే ఒక్కోసారి ప్రింటరు పనిచేయదు, ఒక్కోసారి డెస్క్‌టాపే రాదు. మాకింటాష్‌లో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్, లినక్స్‌లో కెర్నెల్ మాడ్యూల్, విండోస్‌లో డ్రైవరు అనేవి ఇదే కోవలోవి.

పూర్వరంగం

1981 డిసెంబరులో వచ్చిన బీబీసీ మైక్రోలో ఈ పద్ధతికి మూలం కనిపిస్తుంది. అందులోని 6502 ప్రాసెసరుకు కనిపించే మెమరీ 64 కిలోబైట్లే. దానిలో 16 కిలోబైట్ల జాగా ఒకటి కేటాయించి, 16 రోమ్ చిప్పుల వరకు ఆ జాగాలోకి వంతులవారీగా వచ్చేలా ఏర్పాటు చేశారు. వీటికి సైడ్‌వేస్ రోమ్‌లని పేరు. స్విచ్చి వేయగానే సిస్టమ్ ప్రతి రోమ్‌నూ తడిమి చూసేది. దాని ఎనిమిదో బైటు కాపీరైటు గుర్తు ఎక్కడుందో చెప్పాలి. అక్కడ ఒక సున్నా బైటు, వెంటనే బ్రాకెట్లలో సీ అక్షరం ఉండాలి. లేకపోతే ఆ రోమ్ ఉన్నా లేనట్టే. ఎర్రర్ ఏదీ రాదు, హెల్ప్ కమాండు చూపే జాబితాలో పేరు ఉండదు, అంతే. చిప్పు పీకి, కాళ్ళు వంగాయేమో చూసి, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టడమే అప్పటి మరమ్మతు.

ఆర్థర్ నుంచి రిస్క్ ఓఎస్ 3 దాకా

సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొదటి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. దానితో తయారైన ఆర్కిమిడీస్ 1987 జూన్‌లో ఆర్థర్ అనే సిస్టమ్‌తో విడుదలైంది. ఏఆర్ఎక్స్ అనే మరో భారీ ప్రయత్నం వేళకు అందకపోవడంతో హడావుడిగా రాసిన సిస్టమ్ ఇది. అయినా మాడ్యూళ్ళ నిర్మాణం మాత్రం ముచ్చటగా కుదిరింది. ఆర్థర్ తరువాయిగా 1989లో రిస్క్ ఓఎస్ 2, 1991లో రిస్క్ ఓఎస్ 3 వచ్చినా ఆ అమరిక పెద్దగా మారలేదు.

మాడ్యూల్ ఫైలు ఒక హెడరుతో మొదలవుతుంది. మొదలుపెట్టే కోడు ఎక్కడుంది, ముగించే కోడు ఎక్కడుంది, మాడ్యూల్ పేరేమిటి, అది అందించే కమాండ్లేమిటి అన్నవి అందులో వరుసగా ఉంటాయి. ఆర్ఎంలోడ్ కమాండు ఇస్తే కెర్నెల్ ఆ ఫైలును ఆర్ఎంఏ అనే ప్రత్యేక మెమరీలోకి తెచ్చి, మొదలుపెట్టే కోడును పిలుస్తుంది. తనకు కావలసిన హార్డ్‌వేరో మెమరీయో దొరకకపోతే మాడ్యూలే ఎర్రర్‌కు గుర్తుగా ప్రాసెసరులోని ఓవర్‌ఫ్లో ఫ్లాగు ఎత్తి, కారణాన్ని వాక్యంగా రాసి తిరిగి ఇచ్చేస్తుంది. కెర్నెల్ దాన్ని తీసేసి, ఆ వాక్యాన్ని తెర మీద చూపుతుంది. ఎర్రర్ నంబరు మాత్రమే విసిరేసే సిస్టమ్‌లు చలామణీలో ఉన్న రోజుల్లో ఇది మెచ్చుకోదగ్గ మర్యాద. ఒక చిక్కు మాత్రం ఉంది. అదే పేరుతో పాత మాడ్యూల్ అప్పటికే నడుస్తుంటే ముందు దాన్ని చంపి ఆ తర్వాతే కొత్తదాన్ని మొదలుపెడతారు. కొత్తది మొరాయిస్తే రెండూ పోయినట్టే.

అప్లికేషన్లు తమకు కావలసిన మాడ్యూళ్ళను ఆర్ఎంఎన్‌ష్యూర్ కమాండుతో అడిగేవి. అప్లికేషన్‌ను మొదలుపెట్టే రన్ ఫైలులో ఈ కమాండు రెండు వరుసల్లో కనిపిస్తుంది: ఫలానా వెర్షన్ లేకపోతే సిస్టమ్ ఫోల్డరు నుంచి లోడు చేయమని మొదటి వరుస, అప్పటికీ లేకపోతే ఫలానా మాడ్యూల్ కావాలని చెప్పి ఆగిపొమ్మని రెండో వరుస. వెర్షన్ నంబరును మాడ్యూల్ హెల్ప్ వాక్యం నుంచి చదువుతారు. ఆ వాక్యాన్ని నియమం ప్రకారం రాయకపోతే సరైన మాడ్యూలే ఉన్నా లేదనే జవాబు వస్తుంది. ఈ కాలపు వైఫల్యాల్లో ఎక్కువ భాగం పాత వెర్షన్ల వల్లే. ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే షేర్డ్ సీ లైబ్రరీ ఇందులో ముఖ్యం. అది వాడుకలో ఉండగా కొత్తది ఎక్కిస్తే, పాతదానికి ముడిపడిన ప్రోగ్రాములన్నీ కూలేవి.

చికిత్సకు పరికరాలు సిస్టమ్‌లోనే ఉండేవి. ఎఫ్12 నొక్కి మాడ్యూల్స్ అని కొడితే నడుస్తున్నవాటి జాబితా, అవి మెమరీలో కూర్చున్న చోటు వస్తాయి. ఆర్ఎంకిల్ తీసేస్తుంది, ఆర్ఎంరీఇనిట్ మళ్ళీ మొదలుపెడుతుంది. రోమ్‌లోని మాడ్యూల్‌ను అన్‌ప్లగ్ కమాండుతో పక్కన పెట్టవచ్చు. ఆ సంగతి బ్యాటరీతో నిలిచే సీమాస్ మెమరీలో నమోదవుతుంది కాబట్టి యంత్రం ఆపి వేసినా పోదు. ఎప్పుడో అన్‌ప్లగ్ చేసి మరిచిపోయిన మాడ్యూల్ కోసం డిస్కంతా వెతికినవాళ్ళు తక్కువేమీ కాదు. బూట్ దశలోనే యంత్రం చిక్కుకుపోతే షిఫ్ట్ మీట పట్టుకుని మొదలుపెట్టాలి, అప్పుడు బూట్ ఫైలు జోలికి పోదు.

ల్యాప్‌టాప్: ఏ4

1992లో వచ్చిన ఏ4 ఏకార్న్ అమ్మిన ల్యాప్‌టాప్. అందులో 24 మెగాహెర్ట్జ్ ఆర్మ్3 ప్రాసెసరు, రిస్క్ ఓఎస్ 3.1, 2 లేదా 4 మెగాబైట్ల మెమరీ ఉండేవి. బ్యాటరీని, ప్రాసెసరు వేగాన్ని చూసుకోవడానికి పోర్టబుల్ అనే మాడ్యూల్‌ను రోమ్‌లో పెట్టారు. దాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రామును బల్ల మీది యంత్రంలో నడిపితే అలాంటి పిలుపు తెలియదనే ఎర్రర్ వచ్చేది. దీనికి వ్యతిరేక దిశలో, అంటే బల్ల మీది యంత్రం నుంచి ఏ4కు వచ్చేటప్పుడు, చిక్కు హార్డ్‌వేరుది. మామూలు ఆర్కిమిడీస్‌లో పాడ్యూల్ అనే విస్తరణ కార్డు తన మాడ్యూల్‌ను తన రోమ్‌లోనే వెంట తెచ్చుకునేది, ఏ4లో ఆ కార్డు దూర్చే చోటే లేదు. 2 మెగాబైట్ల యంత్రంలో ఆర్ఎంఏకు జాగా చాలకపోవడం మామూలు. మాడ్యూళ్ళను ఎక్కిస్తూ తీసేస్తూ ఉంటే జాగా ముక్కలుముక్కలుగా చీలి, మొత్తం ఖాళీ సరిపడా ఉన్నా ఒకేచోట దొరికేది కాదు. ఆర్ఎంటైడీ అన్ని మాడ్యూళ్ళనూ ముగించి, పక్కపక్కకు జరిపి, మళ్ళీ మొదలుపెట్టేది. ఈ పని మధ్యలో ఏదో ఒకటి అడ్డం తిరగకుండా ఉంటే అదృష్టమే.

స్ట్రాంగ్ఆర్మ్

1994లో వచ్చిన ఏకార్న్ రిస్క్ పీసీకి 1996లో 202 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్ఆర్మ్ ప్రాసెసరు కార్డు, రిస్క్ ఓఎస్ 3.7 తోడయ్యాయి. వేగం ఎన్నో రెట్లు పెరిగింది, కానీ నిన్నటిదాకా నడిచిన మాడ్యూళ్ళు కొన్ని పడిపోయాయి. ఈ చిప్పులో సూచనలకు 16 కిలోబైట్లు, డేటాకు 16 కిలోబైట్లు, ఇలా రెండు వేర్వేరు క్యాష్‌లు, అంటే తాత్కాలికంగా దాచుకునే వేగవంతమైన మెమరీలు. నడుస్తూ నడుస్తూ తన కోడును తానే మార్చుకునే మాడ్యూల్ రాసిన కొత్త సూచన డేటా క్యాష్‌లో ఆగిపోయేది, ప్రాసెసరు పాత సూచననే నడిపేది. కోడు మార్చినప్పుడల్లా క్యాష్‌లను సరిచేయమని అడిగే పిలుపును ఈ వెర్షన్‌లో చేర్చారు.

26 బిట్ల నుంచి 32 బిట్లకు

ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద తెగింపు ఇదే. పాత ఆర్మ్‌లో ఆర్15 అనే రిజిస్టరే చిరునామానూ మోసేది, ఫ్లాగులనూ మోసేది: చిరునామాకు 24 బిట్లు, పైన ఆరు ఫ్లాగులు, కింద రెండు బిట్ల మోడ్. దీనివల్ల ప్రోగ్రాము 64 మెగాబైట్ల లోపే ఉండాలి. బదులుగా, రొటీన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒకే సూచనతో ఫ్లాగులు కూడా యథాస్థితికి వచ్చేవి. చేయి తిరిగిన ప్రోగ్రామర్లందరికీ ఆ సూచన అలవాటు. 1998లో ఏకార్న్ తన వర్క్‌స్టేషన్ విభాగాన్ని మూసేసింది. ఆ తర్వాత 2002లో క్యాజిల్ టెక్నాలజీ అనే సంస్థ అయోనిక్స్ యంత్రాన్ని, దానితో రిస్క్ ఓఎస్ 5ను తెచ్చింది. అందులోని ఇంటెల్ ఎక్స్‌స్కేల్ చిప్పులో 26 బిట్ల మోడ్ లేనే లేదు.

పాత మాడ్యూల్‌ను అలాగే నడిపిస్తే యంత్రం ఎక్కడ కూలుతుందో చెప్పలేం. అందుకని హెడరు చివర ఒక ఫ్లాగుల పదం చేర్చారు. దాని సున్నా బిట్టు వెలిగి ఉంటే మాడ్యూల్ 32 బిట్లకు సిద్ధమని అర్థం. లేకపోతే కెర్నెల్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. వందలాది పాత మాడ్యూళ్ళు ఒక్కసారిగా నిరుపయోగమయ్యాయని వాడకందారులు మూలిగారు. కానీ లోపలికి వచ్చాక కూలడం కన్నా బయటే ఆగడం మేలైన నిర్ణయం. ఈ ఎర్రర్‌కు మందు రెండే: సోర్సు ఉంటే మళ్ళీ కంపైల్ చేయడం, లేకపోతే ఏమ్యులార్ అనే ఎమ్యులేటరుతో నడుపుకోవడం.

తర్వాతి కాలం

2006లో ఏర్పడిన రిస్క్ ఓఎస్ ఓపెన్ సంస్థ సోర్సును బయటపెడుతూ వచ్చింది. 2018లో అది అపాచీ లైసెన్సు కిందికి మారింది. 2012 నుంచి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద కూడా ఈ సిస్టమ్ నడుస్తోంది. కొత్త ఆర్మ్ చిప్పుల్లో హద్దులకు సరిపడని (అన్‌అలైన్డ్) చిరునామాల నుంచి చదివే పద్ధతి మారడం, మెమరీ మొదట్లో ఉండే సున్నా పేజీని మాడ్యూళ్ళకు అందకుండా చేయడం కొత్త వైఫల్యాలకు దారితీశాయి. సున్నా పేజీని ముట్టుకున్న మాడ్యూళ్ళను పట్టి రాసిపెట్టే పరీక్ష మాడ్యూల్‌కు జీరోపెయిన్ అని పేరు పెట్టారు, ప్రోగ్రామర్ల చమత్కారం.

రిస్క్ ఓఎస్ బయట, నేటి ల్యాప్‌టాప్‌లలో మాడ్యూల్ లోడు కాకపోవడానికి తరచూ కారణం డిజిటల్ సంతకమే. 2012 డిసెంబరులో విడుదలైన లినక్స్ 3.7 మాడ్యూళ్ళ మీద డిజిటల్ సంతకాన్ని సరిచూసే ఏర్పాటు చేసింది. సంతకమున్న సాఫ్ట్‌వేరునే మొదలుకానిచ్చే సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో లినక్స్ మొదలవడానికి వాడే షిమ్ కార్యక్రమాన్ని మాథ్యూ గారెట్ అనే ప్రోగ్రామరు రాశాడు. సంతకం లేని మాడ్యూల్‌ను తిరస్కరించిన సంగతి డీమెసేజ్ కమాండుతో తెలుస్తుంది. అప్పుడు సొంత కీ తయారుచేసి, మోక్‌యుటిల్ అనే పరికరంతో నమోదు చేసి, మాడ్యూల్‌ను దానితో సంతకం చేయాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపేయాలి. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 మాక్‌లలో బయటివారి ఎక్స్‌టెన్షన్లు కావాలంటే ముందు రికవరీలోకి వెళ్ళి భద్రత స్థాయిని తగ్గించాలి.