మన కొండ లెక్క ఎవరు చెప్పాలి?



మన పిల్లలు కొందరు ఇప్పుడు ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి చేరుతున్నారు. చేరిన ఏడాదికో రెండేళ్లకో వర్క్‌షాప్‌లో నిలబడి, ఇంకా పూర్తవని పనిని నలుగురి ముందు చెప్పాలి. "పెద్ద పెద్ద ప్రొఫెసర్లుంటారు, మనం ఏటి చెప్తాం" అని వెనక్కి తగ్గుతున్నారు. వాళ్ల కోసమే ఈ పాత సంగతి.

1915లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లీషాయన మద్రాసు యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడ ఇండియన్ ఎకనామిక్స్‌కి మొదటి ప్రొఫెసర్ ఆయనే. ఈ దేశపు పల్లె ఆయనకి కొత్త. అందుకని స్టూడెంట్ల చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చి, సెలవులకి మీ ఊళ్లకి వెళ్లినప్పుడు భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత అన్నది రాసుకురమ్మన్నాడు. ఆ రాతల్నే 1918లో పుస్తకంగా వేశారు. తర్వాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ ఊళ్లని మళ్లీ సర్వే చేయించి 1940లో ఇంకో పుస్తకం తెచ్చారు. ఇరువేల్‌పట్టు, దూసి, గంగైకొండాన్, పాలకురిచ్చి, వడమలైపురం అన్న పేర్లు పల్లె ఆర్థికం చదివేవాళ్లకి ఇప్పటికీ తెలుసు. కుర్రాళ్లు సెలవుల్లో చేసిన పని వందేళ్లు నిలబడింది.

ఆ అయిదూ అరవదేశపు పల్లపు ఊళ్లే. అప్పుడు మన విశాఖపట్నం ఏజెన్సీ కూడా అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. కానీ సెలవులకి ఊరెళ్లి రాసుకురావాలంటే, ముందు మన కొండ నుంచి ఒక పిల్లాడు కాలేజీకి వెళ్లి ఉండాలి కదా!

మన లెక్క వేరేవాళ్లు రాశారు. 1869లో కార్మైకేల్ దొర జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ దొర గెజిటీర్. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అయ్యప్పన్ గారు మద్రాసు రాష్ట్రంలోని ఆదివాసుల స్థితిగతుల మీద రిపోర్టు ఇచ్చారు. వాటిని తీసిపారెయ్యకండి, చదవండి. కానీ అడిగినవాడి ప్రశ్నకే జవాబు దొరుకుతుంది. దొర శిస్తు గురించి అడుగుతాడు. మన అవ్వ చింతపండు బుట్ట ఎంతకి ఇచ్చింది, బదులు ఉప్పు ఎంత తెచ్చుకుంది అన్నది ఆయనకి అక్కర్లేదు.

మనవాళ్లు మాత్రం అదే అడిగారు. గిరిజన సంఘం అడిగిన ప్రశ్నలు చూడండి: సావుకారి అప్పు ఎందుకు తీరదు, పాలికాపు జీతం ఎందుకు పెరగదు, పోయిన భూమి ఎలా వస్తుంది. పట్టుమని చూస్తే ఇవన్నీ ఎకనామిక్స్ ప్రశ్నలే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ ప్రశ్నలకి అంత ఖరీదు పడింది.

ఇప్పుడు వర్క్‌షాప్‌లో ఎదురయ్యే మొదటి ప్రశ్న: "నీ అంకెలు ఎక్కడివి?" ఇక్కడే రాజాం ఒక పాఠం చెప్తుంది. 1950 ఆగస్టు 15 దాకా రాజాం విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా మాత్రం రెండుసార్లు మారింది. పార్వతీపురం, సాలూరు అయితే 1979 జూన్ 1న శ్రీకాకుళం నుంచి విజయనగరానికి, 2022లో మన్యం జిల్లాకి వెళ్లాయి. సీతంపేట, పాలకొండ కూడా అక్కడికే చేరాయి. "శ్రీకాకుళం జిల్లాలో గిరిజనులు తగ్గారు" అని 2022కి ముందూ వెనకా అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, తగ్గింది మనుషులు కాదు, గీత జరిగింది. జిల్లా అంకె వదిలి మండలం అంకె, ఊరి అంకె పట్టుకోండి.

రెండో ప్రశ్న: "ఇది దానివల్లే జరిగిందని ఎలా చెప్తావు?" 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు. అదే మనం 1/70 అనేది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని అతనే రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలి అంటుంది. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతం వరకే. మందస, మెళియాపుట్టి వైపు సవర ఊళ్లు ఎన్నో ఆ గీతకి బయటే ఉండిపోయాయి. అదే సవర జనం, అవే జీడితోటలు, ఒకవైపు చట్టం ఉంది, రెండోవైపు లేదు. రెండువైపులా యాభై యాభై ఇళ్లు తిరిగి భూమి చేతులు మారిన తీరు రాస్తే, ఏ ప్రొఫెసరైనా ముందుకి వంగి వింటాడు. గీత గుడ్డిగా గియ్యలేదు, రెండువైపులా ఊళ్లు మొదట్నుంచీ ఒక్కలా లేవేమో అంటాడు. నిజమే, రాసుకోండి. తప్పు ఎత్తిచూపించుకోడానికే కదా సగం పని పట్టుకెళ్లేది.

మూడోది ఎవరూ అడగరు, మనమే చెప్పాలి. 1956లో పెట్టిన గిరిజన కార్పొరేషన్ కాగితంలో చింతపండు కిలోల్లో ఉంటుంది. సంతలో కుంచం, అడ్డ, మానిక. కొలత మారిన చోటే మన మోసం దాక్కుంది. ఏ సంతలో ఏ కుంచం ఎంత తూగేదో చెప్పగలిగింది మన ముసలోళ్లే. పంటకి ముందే అప్పిచ్చి బేరం కుదుర్చుకున్న ధర ఏ రికార్డులోనూ ఉండదు. అది సవర మాటలో, జాతాపు ఇళ్లలో ఉంది. అడిగితే చెప్తారు. దుబాసీ లేకుండా అడగగలిగింది నువ్వే.

స్లేటర్ స్టూడెంట్లు కూడా ఇంకా నేర్చుకుంటున్న కుర్రాళ్లే. తమ ఊరు తమకి తెలుసు, అంతే. ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుబుక్ పట్టుకెళ్లండి. తాతని బేగి అడగండి, ఆ లెక్క తాతతోనే పోకముందు.