ఎగరాలంటే ఆరు బాణాలు: మారియో పీ-మీటర్ కథ

ఇవాళ ఒక చిన్న మీటర్ గురించి మాట్లాడుకుందాం.

1988లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3 గుర్తుందా? స్క్రీన్ అడుగున ఆరు బాణాలు, చివర్లో 'పీ' అక్షరం. బీ బటన్ నొక్కి పరిగెడితే బాణాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. పీ కూడా వెలిగిందా, రకూన్ తోక ఉన్న మారియో గాల్లోకి లేస్తాడు. అంటే విమానానికి లాగే ముందు రన్‌వే కావాలన్నమాట.

చిక్కేంటంటే, కింద మీటర్ చూస్తే ముందున్న గొయ్యి కనబడదు. హాస్టల్లో ఎమ్యులేటర్ మీద ఆడుతూ నేను ఎన్నిసార్లు పడ్డానో!

1990లో సూపర్ మారియో వరల్డ్ వచ్చేసరికి ఆ మీటర్ స్క్రీన్ మీద లేదు. ఫుల్ స్పీడ్ అందుకోగానే మారియో చేతులు చాస్తాడు, అంతే. లెక్క మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది.

డాష్‌బోర్డులు కోడ్ చేసిన నాకు అప్పుడు వెలిగింది: చెప్పాల్సిన విషయం చూపు ఉన్నచోటే చెప్పాలి. మీకు ఏది నచ్చింది, బాణాలా, చేతులా?