దుమ్ముగూడెం మిషనరీ డైరీల్లో లేని మాట

మోర్మన్ కుర్రాళ్లు పద్దెనిమిదేళ్లకే ఇల్లు వదిలి, రెండేళ్లు మంచు దేశాల్లో కూడా ఇంటింటికీ తిరుగుతారు కదా ఫ్రెండ్స్. మన బోనకల్ వైపు నుంచి భద్రాచలం దాటి పైకెళ్తే దుమ్ముగూడెం, అక్కడా అలాంటి కథే. 1860ల్లో గోదావరి పనుల ఇంజినీర్ హేగ్ చొరవతో కోయల మధ్య మిషన్ మొదలైంది. తొలి ప్రచారకుడు తెల్లాయన కాదు, సర్కారు కొలువు వదిలేసిన మన రాజుగారు. (ఐటీ జాబ్ మానేసిన నేనెంత!)

తర్వాత ఇంగ్లండ్ నుంచి జాన్ కెయిన్ వచ్చాడు. చలి పోయి ఎండ. తెలుగు ఒక్కటే చాలదు, కోయ మాటా కావాలి. పెళ్లిళ్లు, చావులు, దేవతలు, అన్నీ రాసుకున్నాడు. 1909లో థర్‌స్టన్ తన పుస్తకంలో ఆ రాతలే వాడుకున్నాడు. అక్కడే నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. కోయల మతం మార్చడానికొచ్చిన మనిషి చూపే మనకి చరిత్రగా మిగిలింది. ఆయన గురించి కోయలేమనుకున్నారో ఆ పుస్తకంలో లేదు.