ఆటను మార్చిన మీటలు

చెడుగుడు ఆడువానికి ఏ పనిముట్టును అక్కరలేదు. అతని శరీరమే అతని సాధనము. కంప్యూటరుపై ఆడు ఆటలో అట్లు కాదు. ఆటగాని చేతికిని, తెరపై కదలు బొమ్మకును నడుమ మీటయో, బొత్తామో, తిప్పుడు పిడియో ఉండవలెను. తెరపై కనబడు గుర్తులతో కూడ కలిపి ఈ నడిమి భాగమును ఇంటర్‌ఫేసు అందురు. ఇది ఆటగాని ఆజ్ఞలను మోసికొనిపోవుటతో ఆగదు. ఆ ఆటను ఎవరు ఆడగలరు, ఎట్లు ఆడుదురు అను విషయములను కూడ నిర్ణయించును. తొలినాటి కంప్యూటరు ఆటల చరిత్రయే ఇందుకు నిదర్శనము.

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చు ప్రజల కొరకు విలియం హిగిన్‌బాథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక టెన్నిసు ఆటను రూపొందించెను. అనలాగ్ కంప్యూటరు బంతి మార్గమును లెక్కించగా, 5 అంగుళముల ఆసిలోస్కోపు తెరపై ఆ బంతి వెలుగు చుక్కగా కదలెడిది. ఆటగాని చేతిపెట్టెపై ఉన్నవి రెండే: కోణమును మార్చు పిడి, బంతిని కొట్టు బొత్తాము. తెరపై బ్యాటు లేదు. పరుగెత్తు పని లేదు. ఎప్పుడు కొట్టవలెను, ఏ కోణమున కొట్టవలెను అను రెండు ప్రశ్నలే ఆటగానికి మిగిలినవి. సందర్శకులు బారులు తీరి ఆడిరి.

1962లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్, అతని మిత్రులు పి.డి.పి.–1 కంప్యూటరుపై 'స్పేస్‌వార్' అను ఆటను తయారుచేసిరి. సూర్యుని ఆకర్షణకు లోబడి తిరుగు రెండు రాకెట్లు ఒకదానినొకటి కూల్చవలెను. మొదట దీనిని కంప్యూటరును పరీక్షించుటకై అమర్చిన స్విచ్చులతోనే ఆడిరి. అందుచే మోచేతులు నొప్పి పెట్టెడివి. అంతేగాక, తెర ఒక ప్రక్కగా ఉండుటచే దానికి దగ్గరగా నున్నవానికి అనుకూలము హెచ్చు. అనగా గెలుపోటములు నేర్పుపై మాత్రమే ఆధారపడలేదు. అప్పుడు అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ అనువారు విడి చేతిపెట్టెలను తయారుచేసిరి. క్షిపణిని వదలు బొత్తామును చప్పుడు కాకుండ అమర్చిరి. ఎదుటివాడు ఆ సవ్వడిని విని జాగ్రత్తపడరాదు గదా!

ఆ ఆట స్ఫూర్తితో 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 'కంప్యూటర్ స్పేస్' అను నాణెపు యంత్రమును రూపొందించిరి. ఎడమకు తిరుగుటకు, కుడికి తిరుగుటకు, ముందుకు సాగుటకు, పేల్చుటకు నాలుగు బొత్తాములు. రాకెట్టును తిప్పినంత మాత్రమున దాని గమనదిశ మారదు. జడత్వముచే అది మునుపటి దిశలోనే సాగును. ఇది న్యూటన్ సూత్రమే. కళాశాల విద్యార్థులు ఈ ఆటను మెచ్చిరి గాని, మద్యశాలలకు వచ్చు సామాన్యులకు ఇది కొరుకుడుపడలేదు.

1972లో బుష్నెల్ స్థాపించిన అటారీ సంస్థలో అలన్ ఆల్కార్న్ 'పాంగ్' ఆటను నిర్మించెను. ఆటగానికి ఒక్కటే పిడి. బంతిని తప్పిపోనీయకుండుటయే ఆట. అయినను ఆల్కార్న్ బ్యాటును ఎనిమిది భాగములుగా విభజించి, బంతి తగిలిన చోటును బట్టి కోణము మారునట్లు చేసెను. కావున చేతిసాధనము సులభమైనను, ఆటలో నైపుణ్యమునకు తావు తగ్గలేదు. సన్నీవేల్ పట్టణమునందలి ఒక మద్యశాలలో పెట్టిన తొలి యంత్రము కొలది దినములకే ఆగిపోయెను. విప్పి చూడగా, నాణెముల పెట్టె నిండి పొంగుటయే కారణమని తేలినది!

1982లో జపానులో గున్‌పే యొకోయి జేబులో పట్టు ఆటయంత్రమునకు పొడుచుకొనివచ్చు మీట పనికిరాదని, దాని బదులు బల్లపరుపైన '+' ఆకారపు బొత్తామును అమర్చెను. అంతవరకు పిడికిలి చేసిన పని బొటనవ్రేలికి వచ్చినది. మరుసటి సంవత్సరమే అది నింటెండో వారి గృహయంత్రమునకును ఎక్కెను.

1971లో నాలుగు బొత్తాముల యెదుట తడబడిన జనమే మరుసటి ఏట ఒక్క పిడితో గంటల తరబడి ఆడిరి. వారి తెలివి ఒక్క ఏడాదిలో పెరుగలేదు. మారినది వారి చేతికిచ్చిన సాధనము. ప్రయోగశాలలో విద్యార్థి పరికరముతో తికమకపడినపుడు కూడ, అతనిని మందమతి యనుటకు ముందు ఆ పరికరపు మీటలను ఒకసారి పరీక్షించుట న్యాయము.