భవన ధ్వని కొలతలలో సౌండ్ లెవెల్ మీటరు

సౌండ్ లెవెల్ మీటరు అనునది గాలిలోని ధ్వని పీడనాన్ని కొలిచి డెసిబెల్స్‌లో చూపే పరికరం. చేతిలో ఇమిడే మీటర్లను భవన ధ్వనిశాస్త్రంలో ముఖ్యంగా రెండు పనులకు వాడతారు. ఒక గదిలోని ధ్వని గోడ దాటి పక్క గదికి ఎంత చేరుతున్నదో తెలుసుకొనుట మొదటిది. తరగతి గదిలోనో సభామందిరంలోనో పుట్టిన ధ్వని ఎంతసేపు నిలిచి ఉంటున్నదో తెలుసుకొనుట రెండవది. మీటరు తెర మీద కనిపించే అంకె ఆ క్షణాన మైక్రోఫోను ఉన్న చోటి ధ్వనికి సంబంధించినది మాత్రమే. గోడ గుణాన్ని ఆ ఒక్క అంకె చెప్పజాలదు. అందుకు పలు కొలతలు తీసుకొని గణించవలసి ఉంటుంది.

చరిత్ర

భవన ధ్వని కొలతలకు శాస్త్రీయమైన పునాది వేసినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ క్లెమెంట్ సాబిన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ కళా మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోవుటతో, 1895లో ఆ లోపాన్ని పరిశోధించే పని ఆయనకు అప్పగించబడింది. అప్పటికి ధ్వని మీటర్లు లేవు. ఆయన ఒక ఆర్గన్ గొట్టాన్ని మ్రోగించి ఆపి, ఆ నాదం చెవికి వినబడకుండా పోయేందుకు పట్టే కాలాన్ని లెక్కించేవాడు. పరిసరాలు సద్దుమణిగే రాత్రివేళలలో, సాండర్స్ థియేటరు నుండి తెచ్చిన కుర్చీ మెత్తలను మందిరంలో పరుస్తూ, తీసివేస్తూ ఈ ప్రయోగాలు సాగాయి. ఖాళీ మందిరంలో ధ్వని సుమారు 5.5 సెకన్లు నిలిచేది. గది ఘనపరిమాణం పెరిగితే ఈ కాలం పెరుగుతుందని, ధ్వనిని పీల్చుకొనే ఉపరితలం పెరిగితే తగ్గుతుందని ఆయన నిరూపించాడు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఈ సూత్రం ఆధారంగా రూపొందినది. మీటర్లకు అమెరికా ప్రమాణం 1936లో వెలువడింది. ప్రస్తుత అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61672 మొదట 2002లో వెలువడి 2013లో సవరించబడింది.

పరికరం

మైక్రోఫోను, వర్ధకం, వడపోతలు, తెర దీని ప్రధాన భాగాలు. ఖచ్చితత్వాన్ని బట్టి మీటర్లు క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు తరగతులు. గోడల పరీక్షకు సంబంధించిన ఐఎస్ఓ 16283 ప్రమాణం క్లాస్ 1 మీటరునే కోరుతుంది. క్లాస్ 2 మీటరు ప్రాథమిక పరిశీలనకు పనికివస్తుంది. కొలతలకు ముందు, తరువాత క్యాలిబ్రేటరును మైక్రోఫోనుకు తొడిగి సరిచూడాలి. ఇది సాధారణంగా 1000 హెర్ట్జ్ వద్ద 94 డెసిబెల్స్ ధ్వనిని ఇస్తుంది. ఈ రెండు సార్లు వచ్చిన విలువల మధ్య తేడా 0.5 డెసిబెల్ మించితే ఆ నడుమ తీసిన కొలతలన్నీ వదిలివేయవలసిందే.

మానవ కర్ణం మంద్ర ధ్వనులను తక్కువగా గ్రహిస్తుంది. దానికి అనుగుణంగా సవరించిన విలువను ‘ఎ’ వెయిటింగ్ అంటారు. వీధి రొదను అంచనా వేయుటకు ఇది చాలును. గోడను పరీక్షించునపుడు మాత్రం 100 నుండి 3150 హెర్ట్జ్ వరకు గల 16 మూడవ వంతు ఆక్టేవ్ పట్టీలలో విడివిడిగా కొలవాలి. పలుచని అడ్డుగోడ మాటలను ఆపి, డప్పు మ్రోతను వదిలివేయవచ్చును గదా.

గోడను కొలుచు విధానం

ఒక గదిలో స్పీకరు ద్వారా అన్ని పౌనఃపున్యాలూ గల హోరు శబ్దాన్ని వినిపించి, ఆ గదిలోను, గోడ ఆవలి గదిలోను స్థాయిలను కొలుస్తారు. స్పీకరును ఆపి ఆవలి గదిలోని సహజ రొదను కూడ కొలవాలి. స్పీకరు మ్రోగునపుడు అక్కడ నమోదైన స్థాయి ఈ రొద కంటే 10 డెసిబెల్స్ మించి ఉంటే సవరణ అక్కరలేదు. తేడా 6 కంటే తక్కువైతే ఫలితం గోడ కనీస సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. పంకాలు ఆపకుండా కొలిచిన చోట ఇదే జరుగుతుంది.

చాలామంది విస్మరించేది ఆవలి గది ప్రతినాదం. ఒక పట్టీలో మొదటి గది స్థాయి 95 డెసిబెల్స్ అనుకొందాం. సామాను లేని ఆవలి గదిలో ప్రతినాద కాలం 2 సెకన్లు, స్థాయి 55 అయితే తేడా 40. అదే గదిలో పరుపులు, తెరలు చేరి ప్రతినాద కాలం 0.5 సెకన్‌కు తగ్గితే స్థాయి 49కి దిగి తేడా 46 అవుతుంది. గోడలో మార్పేమీ లేదు. అందుచేత నివాస గృహాలలో ఫలితాలను 0.5 సెకన్ ప్రతినాద కాలానికి సర్దుతారు. మొదటి సందర్భంలో కాలం నాలుగు రెట్లు గనుక 6 డెసిబెల్స్ కలపగా 46 వస్తుంది. ఈ సవరణ లేనిదే ఖాళీ ఇంటి గోడ అకారణంగా నాసిరకమని తేలుతుంది.

ఇట్లు సర్దిన 16 విలువలను ఐఎస్ఓ 717-1లోని ప్రామాణిక వక్రరేఖతో పోల్చి ఒకే అంకెగా ప్రకటిస్తారు. ఇంగ్లండులో 2003 నుండి కొత్త ఇళ్ళ నడిమి గోడలకు ఇటువంటి అంకె, మంద్ర ధ్వనుల సవరణతో కలిపి, కనీసం 45 డెసిబెల్స్ ఉండాలను నియమం ఉన్నది. గోడ ఎంత మందమైనా సందులు దాని ప్రయోజనాన్ని హరిస్తాయి. గోడ వైశాల్యంలో నూరవ వంతు తెరిచి ఉన్నచో మొత్తం నిరోధం 20 డెసిబెల్స్ దాటదు. వెంటిలేటర్లు ఉన్న మన పాఠశాల గదులకు ఇది వర్తిస్తుంది.

మీటరును పట్టుకొనుట

మనిషి శరీరం ధ్వనిని పరావర్తనం చేస్తుంది. మైక్రోఫోను దేహానికి దగ్గరగా ఉంటే 400 హెర్ట్జ్ ప్రాంతంలో 6 డెసిబెల్స్ వరకు తప్పు రావచ్చును. కావున మీటరును చేయి చాచి పట్టుకోవాలి, లేదా మూడుకాళ్ళ స్టాండుపై నిలపాలి. మైక్రోఫోను గోడలకు కనీసం 0.5 మీటరు, స్పీకరుకు 1 మీటరు దూరంలో ఉండాలి. ఒకే చోట కాక కనీసం ఐదు చోట్ల కొలిచి శక్తి సగటు తీస్తారు. చేతిలోని మీటరును వృత్తాకారంగానో అర్ధవృత్తాలుగానో నెమ్మదిగా త్రిప్పుతూ కొలుచుటను కూడ ప్రమాణం అనుమతిస్తుంది.

తరగతి గదులలో ప్రతినాదం

ధ్వని స్థాయి 60 డెసిబెల్స్ తగ్గుటకు పట్టే కాలమే ప్రతినాద కాలం. అంత తగ్గుదల సహజ రొదలో కలిసిపోతుంది గనుక 20 డెసిబెల్స్ తగ్గుటకు పట్టిన కాలాన్ని కొలిచి మూడు రెట్లు చేస్తారు. బెలూను పగులగొట్టి, మీటరులో ఆ క్షయాన్ని నమోదు చేయవచ్చును.

8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 168 ఘనపు మీటర్లు. అందులో ప్రతినాద కాలం 2 సెకన్లు అయితే, సాబిన్ సూత్రం ప్రకారం మొత్తం శోషణ 13.5 చదరపు మీటర్లు మాత్రమే. అమెరికా ప్రమాణం 2002 నుండి ఇటువంటి ఖాళీ తరగతి గదికి 0.6 సెకన్‌ను పరిమితిగా నిర్ణయించింది. దానిని చేరుటకు శోషణ 45 చదరపు మీటర్లు కావాలి. 48 చదరపు మీటర్ల పైకప్పుకు 0.7 శోషణ గుణకం గల పలకలు అమర్చితే ఈ లోటు దాదాపు తీరుతుంది. ప్రతినాదం ఎక్కువైన గదిలో ఒక అచ్చు తాలూకు శేషం తరువాతి హల్లును కప్పివేస్తుంది. డిక్టేషన్‌లో ‘కడ’ను ‘గడ’గా వ్రాసిన వెనుక బల్ల విద్యార్థిని మందలించే ముందు ఆ గదిని ఒకసారి కొలువుట మంచిది.

భారతదేశంలో

సభామందిరాల ధ్వని రూపకల్పనకు 1963 నాటి ఐఎస్ 2526, భవనాలన్నిటికీ వర్తించే జాతీయ భవన నియమావళి 2016లోని 8వ భాగం, 4వ విభాగం ఆధారాలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. ఇవి ఆరుబయటి స్థాయిలు. వీటిని ఇంటి గోడ నాణ్యతకు కొలబద్దగా చూపుట పొరపాటు.