చర్మ పురుగుల్లో కొత్త జాతిని గుర్తించేదెలా?

ఎండు చేపల గంపల్లో, పట్టుగూళ్ల నిల్వల్లో, తోళ్ల గోదాముల్లో, ధాన్యపు బస్తాల కుట్లలో కనిపించే చిన్నపాటి పెంకు పురుగులన్నీ చూపునకు ఒకేలా ఉంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని డెర్మెస్టిడే కుటుంబంగా వర్గీకరించారు. చర్మాన్ని తినేవి అనే అర్థమిచ్చే గ్రీకు మాటల నుంచి ఈ పేరు వచ్చింది. ఈ కుటుంబంలో ఇప్పటికే వెయ్యికి పైగా జాతులకు పేర్లుండగా, కొత్తవి ఇంకా చేరుతూనే ఉన్నాయి.

పొరబడితే ముప్పే

జాతిని సరిగా గుర్తించకపోతే వాటిల్లే నష్టానికి ఖాప్రా పురుగే నిదర్శనం. ధాన్యాన్ని తినే ఈ పురుగుకు 1898లో డచ్ శాస్త్రజ్ఞుడు ఎవర్ట్స్ 'ట్రోగోడెర్మా గ్రనేరియం' అని నామకరణం చేశారు. దీని పుట్టిల్లు భారతదేశమేనని భావిస్తున్నారు. 1946లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇది కనిపించినా, నల్ల కార్పెట్ పురుగుగా పొరబడ్డారు. 1953లో తులారే కౌంటీలో నిజం బయటపడింది. అప్పటికే అది పలుచోట్లకు పాకింది. గోదాములను టార్పాలిన్లతో నిలువునా కప్పి మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించవలసి వచ్చింది. ఆహారం లేకున్నా దీని లార్వాలు గోడ పగుళ్లలో ఏళ్ల తరబడి జీవించగలగడమే ఇందుకు కారణం.

పరిశీలన ఇలా

ఖాప్రా పెద్ద పురుగు పొడవు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. అందువల్ల ఈ పురుగుల పరిశీలనకు సూక్ష్మదర్శిని తప్పనిసరి. మీసాల కణుపుల సంఖ్య, వాటి కొనన ఉండే గద ఆకారం, నుదుటిపై సరళ నేత్రం ఉందా లేదా, రెక్కలపై ఉన్నవి వెంట్రుకలా పొలుసులా అన్నవి చూస్తారు. ఇవీ చాలనప్పుడు మగ పురుగు జననాంగాన్ని వేరుచేసి, క్షార ద్రావణంలో శుభ్రపరచి పరీక్షిస్తారు. దగ్గరి జాతుల మధ్య తేడా తరచుగా అక్కడే తేలుతుంది. లార్వా వెంట్రుకల నిర్మాణం, డీఎన్‌ఏ పరీక్ష కూడా తోడ్పడతాయి.

నామకరణ నియమాలు

పాత వర్ణనలతో, భద్రపరచిన నమూనాలతో పోల్చి, దేనితోనూ కలవదని తేలాకే కొత్త జాతిగా ప్రకటిస్తారు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం ప్రజాతి, జాతి అనే రెండు పదాల పేరు పెట్టాలి. లక్షణాలను వివరిస్తూ ప్రచురించాలి. 2000 నుంచి ఆధార నమూనాను స్పష్టంగా పేర్కొనడం తప్పనిసరి అయింది. అలా ఎంపికైన ఏకైక నమూనాయే హోలోటైప్. భవిష్యత్తులో సందేహం కలిగితే దానినే చూడాలి.

కంచే చేను మేస్తే

ఈ కుటుంబానికే చెందిన ఆంథ్రీనస్ పురుగులు మ్యూజియాల్లోని ఎండు కీటకాలను తినివేస్తాయి. హోలోటైప్‌లకు సైతం వీటి నుంచే ముప్పు. మరోవైపు, అస్థిపంజరాలపై మిగిలిన మాంసాన్ని శుభ్రం చేయించడానికి డెర్మెస్టిస్ మాక్యులేటస్ అనే జాతిని మ్యూజియాలే పెంచుతాయి.

చీటీయే కీలకం

నిల్వ సరుకులో కొత్త రకం పురుగు కనిపిస్తే నలిపి పారవేయరాదు. చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి, పురుగుతో పాటు లార్వాలను కూడా అందులో వేయాలి. దొరికిన ఊరు, తేదీ, ఏ సరుకులో కనిపించిందీ పెన్సిలుతో చీటీపై రాసి లోపల ఉంచాలి. సమీపంలోని వ్యవసాయ కళాశాల కీటక శాస్త్ర విభాగానికి దానిని అందజేయవచ్చు. ఈ వివరాలు లేని నమూనా ఎంత అరుదైనదైనా శాస్త్రానికి అంతగా ఉపకరించదు.