బంతి భోజనం

బంతి భోజనం అనగా పెళ్ళి, ఉపనయనం, సంతర్పణ వంటి సందర్భాలలో అతిథులను వరుసగా కూర్చోబెట్టి విస్తళ్ళలో వడ్డించే తెలుగువారి భోజన పద్ధతి. సంస్కృతంలోని 'పంక్తి' అనే మాటకు వికృతి 'బంతి'. దీనికి వరుస అని అర్థం. ఈ పద్ధతి తెలుగునాట అంతటా ఉన్నది. ఇక్కడ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వాడుకను అనుసరించి వివరించడమైనది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు పట్టణాలు గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద ఈ నేల వరి మాగాణి అయినది. అందువలన ఇక్కడి విందుకు ఆధారం అన్నమే.

వడ్డన క్రమం

అరటి ఆకు కొస తినేవారి ఎడమవైపు ఉండేటట్లు వేస్తారు. ఆకుపై నీళ్ళు చిలకరించి శుభ్రం చేసుకొన్న తరువాత కూరలు, పచ్చళ్ళు, పులిహోర, బూరెలు, గారెలు ముందుగా వడ్డించి, పిమ్మట అన్నం, ముద్దపప్పు పెడతారు. నెయ్యి వడ్డించడాన్ని అభికరించడం అంటారు. అది చివరి విస్తరి వరకు పూర్తి కానిదే ముద్ద ఎత్తడం మర్యాద కాదు.

పదార్థాలన్నీ ఒకేసారి ఆకులో కనిపించినా అన్నంలో కలుపుకొనేది ఒక్కొక్కటే. మొదట పప్పు, ఆపైన కూర, పచ్చడి, తరువాత పులుసు లేదా చారు, చివరకు పెరుగు. ఇటలీలో పాస్తా విషయంలోనూ ఇటువంటి క్రమమే ఉన్నది. దానిని మాంసపు వంటకానికి ముందు విడి పళ్ళెంలో తింటారు, పొడవైన పాస్తాను కత్తితో కోయడాన్ని మోటుతనంగా చూస్తారు. పెరుగన్నం తిన్నాక మళ్ళీ పప్పు అడిగినవారిని మన పెద్దలు చూసే చూపు కూడా అటువంటిదే.

ఎంగిలి

నోటికి తగిలిన చేయి గాని, వస్తువు గాని ఎంగిలి అవుతుంది. కాబట్టి తింటున్న చేతితో వడ్డన గరిటెను తాకరాదు. వడ్డించేవారు గరిటెను ఆకుకు తగలనీయరు. మంచినీళ్ళు ఎత్తి పోసుకొంటారు. ఉప్పు చేతికి అందించరు, ఆకులోనే వేస్తారు. పక్కవారు తింటూ ఉండగా మధ్యలో లేవడం బంతికి అవమానం. పెద్దలు లేచిన తరువాతనే అందరూ లేస్తారు. నిదానంగా తినే వృద్ధుడు బంతిలో ఉన్నప్పుడు ఖాళీ విస్తరి ముందు చేయి ఎండబెట్టుకొని కూర్చోక తప్పదు.

బంతిలో వలపక్షం

ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ వడ్డించడాన్ని 'బంతిలో వలపక్షం' అంటారు. ఇది గృహస్థుకు పెద్ద అపకీర్తి. అయినా వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అనే సామెత పుట్టినదంటే ఆచరణ ఎట్లా ఉండేదో ఊహించవచ్చును. అసలు వలపక్షం వడ్డనలో కంటె బంతిలో ఎవరు కూర్చోవచ్చుననే దానిలోనే ఎక్కువగా ఉండేది. పంక్తిలో కూర్చోతగనివాడిని ధర్మశాస్త్రాలు 'అపాంక్తేయుడు' అన్నవి. కులానికొక బంతి ఉండేది. దళితులకు విస్తరి వేయకపోగా, మిగిలిన పదార్థాలను పందిరి వెలుపల వారి పాత్రలలో పోసేవారు. ఇంటి ఆడవారికి దక్కేది చల్లారిన ఆఖరి బంతి.

దీనికి ఎదురుగా వచ్చినవే సహపంక్తి భోజనాలు. కేరళలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో చెరాయిలో మిశ్రభోజనం జరిపాడు. కృష్ణకు ఆవలి ఒడ్డున, కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా (1902–1975) అన్ని కులాలవారిని ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు ఏర్పాటు చేశాడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది.

ప్రస్తుత స్థితి

నేలమీద చాపల స్థానంలో బల్లలు, కుర్చీలు వచ్చినవి. అరటి ఆకుతో పాటు కాగితపు విస్తళ్ళు కూడా వాడుతున్నారు. పట్టణాల పెళ్ళిళ్ళలో బఫే పద్ధతి వ్యాపించినది. అందులో ఎవరి పళ్ళెం వారు పట్టుకొని నిలబడి తింటారు కనుక పక్కవారి కోసం ఆగవలసిన అవసరం లేదు, కొసరి వడ్డించేవారూ ఉండరు. బఫే పెట్టినచోట కూడా వృద్ధుల కోసం ఒక పక్క బల్లలు వేసి, ఆకులు పరచి వడ్డించడం కద్దు.